తండ్రి జలపాతం, తల్లి జలపాతం: డొమినికాలో ఒక రోజు



7వ తరగతి సోషల్‌లో ఈ నెల నదులు, జలపాతాల పాఠం నడుస్తోంది. పుస్తకంలో ఇది ఒకటిన్నర పేజీ. ఒక బొమ్మ, ఒక డెఫినిషన్, చివర్లో రెండు మార్కుల ప్రశ్న. పిల్లలు డెఫినిషన్ అరగంటలో బట్టీ పట్టేస్తారు. “మరి నీళ్లు అక్కడే ఎందుకు పడుతున్నాయి?” అని అడిగితే మాత్రం క్లాసంతా నిశ్శబ్దం. అందుకే ఈసారి పాఠాన్ని ఒక ప్రయాణంలాగా రాస్తున్నాను. రాత్రి భోజనాలయ్యాక పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, అట్లాస్ తెరిచి, కలిసి చదవండి. మనం వెళ్లేది కరీబియన్ సముద్రంలోని డొమినికా ద్వీపానికి.

మొదట ఒక జాగ్రత్త. డొమినికా వేరు, డొమినికన్ రిపబ్లిక్ వేరు. క్విజ్ పోటీల్లో పిల్లలు ఇక్కడే మార్కు పోగొట్టుకుంటారు. డొమినికన్ రిపబ్లిక్ పెద్ద దేశం, అక్కడ స్పానిష్ మాట్లాడతారు. మన డొమినికా పొడవు 47 కిలోమీటర్లు, వెడల్పు 26. జనాభా 70 వేల దగ్గర, అంటే మన దగ్గర ఒక మోస్తరు పట్టణమంత. రాజధాని రోజో. క్రికెట్ చూసే నాన్నలకి ఈ ఊరు గుర్తుండాలి. 2023 జులైలో యశస్వి జైస్వాల్ మొదటి టెస్టులోనే 171 కొట్టింది, అశ్విన్ మొత్తం 12 వికెట్లు తీసింది ఇక్కడి విండ్సర్ పార్క్ స్టేడియంలోనే. ఆ మ్యాచ్ హైలైట్స్ మళ్లీ చూస్తే, స్టాండ్స్ వెనకాల పచ్చటి కొండలు గమనించండి. మనం వెళ్లేది ఆ కొండల్లోకే.

పేరు సంగతి కూడా చెప్పాలి. 1493 నవంబర్ 3, ఆదివారం నాడు కొలంబస్ ఈ ద్వీపాన్ని చూశాడు. లాటిన్‌లో ఆదివారానికి ఉన్న మాట నుంచే ఆ పేరు పెట్టాడు. కానీ అప్పటికే అక్కడ కలినాగో ప్రజలున్నారు. వాళ్ల భాషలో ద్వీపం పేరు వైటుకుబులి. ‘ఆమె దేహం పొడవైనది’ అని అర్థం. సముద్రం మీంచి చూసినవాళ్లకి నిటారుగా లేచిన కొండలే కనిపిస్తాయి కాబట్టి, నా మటుకు నాకు ఈ రెండో పేరే సరైన జాగ్రఫీ అనిపిస్తుంది.

ఇప్పుడు అట్లాస్‌లో 15 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద వేలు పెట్టించండి. రోజో దాదాపు 15.3 దగ్గర ఉంది. అదే గీత వెంట తూర్పుకి జరుపుకుంటూ వస్తే అట్లాంటిక్, ఆఫ్రికా, అరేబియా సముద్రం దాటి మన నంద్యాల, ఒంగోలు దగ్గరికి వస్తుంది. ఆ రెండు ఊళ్లూ 15.5 దగ్గరున్నాయి. సూర్యుడు ఇద్దరికీ ఒకేలా నెత్తి మీదికి వస్తాడు. కానీ తెలుగు రాష్ట్రాల్లో సగటున ఏడాదికి కురిసే వాన వెయ్యి మిల్లీమీటర్లకి కాస్త అటూ ఇటూ. డొమినికా నడిమధ్య కొండల్లో 7,500 మిల్లీమీటర్లకు పైనే! ఒకే అక్షాంశం, ఇంత తేడా ఎందుకు?

జవాబు పిల్లల చేతే చెప్పించండి. క్లూ ఇదీ: ఆ ద్వీపం మీద ఏడాది పొడవునా సముద్రం మీంచి, తూర్పు వైపు నుంచి తడిగాలి వీస్తుంది. దారిలో 1,447 మీటర్ల వరకు లేచే కొండలు అడ్డం. గాలి కొండెక్కాలి, ఎక్కితే చల్లబడుతుంది, చల్లబడితే మోసుకొచ్చిన తడిని దింపేస్తుంది. కొండ దాటి పడమటి తీరానికి, అంటే రోజో వైపు వచ్చేసరికి ఆ గాలిలో తడి తగ్గిపోతుంది. మన దగ్గరా ఇదే కథ. నైరుతి గాలులు పడమటి కనుమలెక్కి ఆగుంబే వైపు కుమ్మరిస్తాయి. కనుమలు దాటి రాయలసీమకి వచ్చేది మిగిలిన తడే. అనంతపురంలో చుట్టాలున్న పిల్లలకి ఈ పాఠం వేరే చెప్పక్కర్లేదు.

ఇక ప్రయాణం. డొమినికాలో ఉదయం తొమ్మిదైతే మనకి సాయంత్రం ఆరున్నర. పర్యాటకులు చాలామంది పెద్ద ఓడల్లో రోజోకి వస్తారు. పొద్దున దిగి, వ్యాన్ ఎక్కి, సాయంత్రం ఓడ కదిలేలోపు తిరిగి రావాలి. వ్యాన్ మనలాగే రోడ్డుకి ఎడమవైపు నడుస్తుంది. గైడ్ మాట్లాడేది ఇంగ్లీషే, అది వాళ్ల అధికార భాష. ఇళ్లల్లో మాత్రం ఫ్రెంచ్ మాటలు కలిసిన క్రియోల్. బడిలో ఒక భాష, అమ్మతో ఒక భాష: మన పిల్లలకి ఇది వింతేమీ కాదు. అక్కడి డబ్బు ఈస్ట్ కరీబియన్ డాలర్. ఒక అమెరికన్ డాలర్‌కి 2.70 అని స్థిరంగా కట్టేశారు. మనిషికి 40 అమెరికన్ డాలర్లు అనుకుంటే, నలుగురికి అక్కడి డబ్బులో ఎంతవుతుందో లెక్క కట్టమనండి. కాలిక్యులేటర్ ఇవ్వకండి.

రోజో లోయలో కొన్ని కిలోమీటర్లు పైకి వెళితే ట్రఫాల్గర్ అనే ఊరు. అక్కడ దిగి అడవిలో పది పదిహేను నిమిషాలు నడిస్తే ఒక వ్యూయింగ్ ప్లాట్‌ఫాం వస్తుంది. ఎదురుగా పక్కపక్కనే రెండు జలపాతాలు. ఎడమవైపున్న ఎత్తైనదాన్ని ‘తండ్రి’ అనీ, కుడివైపున్న పొట్టిదాన్ని ‘తల్లి’ అనీ అక్కడివాళ్లు పిలుస్తారు. ఎవరు ఎక్కువ శబ్దం చేస్తారని మీ పిల్లలు అడిగితే జవాబు మీ ఇష్టం. తండ్రి జలపాతం అడుగున రాళ్ల మధ్య వేడినీటి ఊట ఉంది. రాళ్లు నారింజ రంగుకి తిరిగి ఉంటాయి. పైనుంచి పడేవి చల్లటి నీళ్లు, కింద ఊరేవి వేడినీళ్లు. కారణం, ఈ ద్వీపం మొత్తం అగ్నిపర్వతాలు కట్టిన ఇల్లు. 1997లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకెక్కిన మోర్న్ ట్రువా పిటాన్ నేషనల్ పార్క్ ఈ పక్కనే. అందులో ‘బాయిలింగ్ లేక్’ అనే మరిగే సరస్సు ఉంది. సుమారు 60 మీటర్ల వెడల్పున బూడిద రంగు నీళ్లు కుతకుత ఉడుకుతుంటాయి. అది వేరే రోజు పని, వెళ్లి రావడానికే ఐదారు గంటల నడక.

అక్కడే ఇంకొకటి చూడొచ్చు: లోయలో లావుపాటి పైపులు. పైన ఫ్రెష్‌వాటర్ లేక్ అనే చెరువు నీటిని పైపుల్లో దింపి, లౌడా, ట్రఫాల్గర్, పాడు అనే మూడు చోట్ల వరుసగా కరెంటు తీస్తారు. పడే నీటికి బలముందని చెప్పడానికి ఇంతకన్నా మంచి బొమ్మ లేదు.

తర్వాత వ్యాన్ లౌడా ఊరి దగ్గర టిటూ గార్జ్‌కి వెళుతుంది. ‘గార్జ్’ అంటే ఇరుకైన లోతైన కనుమ. ఈ మాట ఈ నెల ఇంగ్లీష్ వొకాబులరీలో కూడా ఉంది. మామూలుగా గార్జ్‌ని నది కోస్తుంది. ఇది అలా పుట్టలేదంటారు. లావా చల్లారేటప్పుడు కుంచించుకుని చీలింది. ఎండిన చెరువులో మట్టి నెర్రెలు విచ్చడం చూశారు కదా, అలాంటిదే, కాకపోతే మనిషి ఈదుకుంటూ లోపలికి వెళ్లేంత పెద్ద నెర్రె. రెండు పక్కలా నల్లటి గోడలు, పైన సన్నటి ఆకాశం, చివర్లో చిన్న జలపాతం. లైఫ్ జాకెట్ వేసుకుని వెళతారు.

ఇక్కడే ఆగి అసలు విషయం మాట్లాడుకుందాం. ఈ వ్యాసం రాయడానికి సగం కారణం ఇదే.

గార్జ్‌లో ఉన్నవాళ్లకి పైన ఎండ కనబడొచ్చు. అదే సమయంలో ఎగువ కొండ మీద వాన కురుస్తుండొచ్చు. ఆ నీళ్లు కిందికి రావడానికి ఎంతసేపు? మన కృష్ణానది పొడవు దాదాపు 1,400 కిలోమీటర్లు. వరదొస్తే ఆల్మట్టి, జూరాల, శ్రీశైలం, సాగర్ అని గేట్ల లెక్కలు టీవీలో రోజుల ముందే వింటాం. డొమినికా వాగులకి ఆ వ్యవధి లేదు. ద్వీపం వెడల్పే 26 కిలోమీటర్లు. శిఖరం నుంచి సముద్రానికి వాగు పరుగు చాలా చిన్నది, చాలా నిటారు. వాన పడిన కొద్ది నిమిషాల్లోనే నీరు పెరుగుతుంది. దీన్నే ‘ఫ్లాష్ ఫ్లడ్’ అంటారు. 2015 ఆగస్టులో ఎరికా తుఫాను అక్కడ సుమారు 30 మంది ప్రాణాలు తీసింది. హరికేన్ స్థాయికి కూడా చేరని తుఫాను అది. గాలి కన్నా వాన, వాగులు, విరిగిపడిన కొండ చరియలు చేసిన నష్టమే ఎక్కువ.

కుంటాల, బొగత, తలకోనల్లో నీళ్లు తెచ్చేవి కూడా కృష్ణ, గోదావరుల్లాంటి మహానదులు కాదు. అడవిలో పడిన వానకి వెంటనే ఉబికే ఏరులూ వాగులూ. అందుకే డొమినికా పాఠం మనకీ పనికొస్తుంది.

అనుభవమున్న గైడ్ చూసేది జలపాతాన్ని కాదు, నీటిని. తేటగా ఉన్న నీరు ఉన్నట్టుండి బురద రంగుకి తిరిగిందా? ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నాయా? చప్పుడు బరువెక్కిందా? ఇందాక బయటికి కనిపించిన రాయి మునిగిందా? ఇందులో ఏ ఒక్కటి కనిపించినా బయటికి రమ్మంటారు. ఫోటో తీసుకుని వస్తాం అంటే ఒప్పుకోరు. “టికెట్ కొన్నాం కదా” అని వాదించే పర్యాటకులు ప్రపంచమంతా ఉంటారు. అలాంటప్పుడు లోపలికి పంపని గైడే మంచి గైడ్.

“మావాడికి ఈత వచ్చు మేడమ్” అని కొందరు పేరెంట్స్ అంటారు. సంతోషం. కానీ స్విమ్మింగ్ పూల్ నీళ్లు నిలబడి ఉంటాయి. మీ మేడ మీదున్న 1,000 లీటర్ల ట్యాంకు నిండితే నీటి బరువే ఒక టన్ను. అలాంటి ట్యాంకులు సెకనుకొకటి పైనుంచి పడుతున్నాయనుకోండి. కింద మడుగులో నీళ్లు గాలితో కలిసి తెల్లటి నురగ అవుతాయి. నురగ మనిషిని మామూలు నీటిలా తేల్చదు. పైగా పడే నీరు దగ్గరున్నదాన్ని లోపలికి లాగి తిప్పుతుంది. ఇక వేగంగా పారే నీరైతే 15 సెంటీమీటర్ల లోతు చాలు, పెద్దవాళ్ల కాళ్లనే తప్పించేస్తుంది. 15 సెంటీమీటర్లంటే జామెట్రీ బాక్స్‌లో ఉండే చిన్న స్కేలు. పిల్లల్ని ఆ స్కేలు నేల మీద నిలబెట్టి చూడమనండి.

2014 జూన్ 8 చాలామందికి గుర్తుండే ఉంటుంది. హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో కొట్టుకుపోయారు. వాళ్లు రాళ్ల మీద ఫోటోలు దిగుతున్నప్పుడు వాన లేదు, తుఫాను లేదు. ఎగువన డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు. చదువుకున్న పిల్లలే, వాళ్లలో ఎవరూ నీటిని చూసి భయపడాల్సిన రోజు అనుకోలేదు. ఎగువన ఏముందో తెలిసిన మనిషి పక్కన లేకపోవడం అంత ఖరీదైన విషయం.

కాబట్టి బడి నుంచి గానీ, ట్యూషన్ నుంచి గానీ, ట్రావెల్స్ వాళ్ల దగ్గర నుంచి గానీ అవుటింగ్ పర్మిషన్ స్లిప్ వస్తే, డబ్బులెంత, బస్సు ఏసీయా కాదా అన్నవాటితో ఆపకండి. ఆ చోటు తెలిసిన స్థానిక గైడ్ ఉన్నారా? ఎగువన డ్యామ్ ఉందా, ఉంటే ఆ రోజు నీళ్లు వదులుతారో లేదో ఎవరు కనుక్కుంటారు? పిల్లలు నీళ్లలో దిగుతారా, గట్టు మీదే ఉంటారా? వానొస్తే ప్రోగ్రాం మార్చే అధికారం బస్సులో ఎవరి చేతిలో ఉంది? ఈ ప్రశ్నలు మా బడిని కూడా అడగండి. అడిగే పేరెంట్స్ ఉంటే టీచర్లకి ఇబ్బంది అనుకోకండి. నలభై మంది పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లేది మేమే. ముందే అడిగిన ప్రశ్న మాకూ కొండంత అండ.

జలపాతం ఎలా పుడుతుందో ఇంట్లోనే చూపించే చిన్న ప్రయోగం ఒకటుంది, ఈ ఆదివారం చేయించండి. పాత స్టీలు పళ్లెంలో తడి ఇసుకని మెట్టులాగా పోయండి. మెట్టు పైన పగిలిన టైల్ ముక్క ఒకటి పెట్టండి, అంచు మెట్టు చివరికి వచ్చేలా. ఆ టైల్ గట్టి లావా పొర, కింద ఇసుక మెత్తటి బూడిద పొర అనుకోండి. ఇప్పుడు చెంబుతో టైల్ మీద సన్నగా నీళ్లు పోయండి. నీళ్లు అంచు దాటి పడి, కింద ఇసుకని తొలుస్తాయి. అక్కడ చిన్న మడుగు ఏర్పడుతుంది. దాని పేరు ‘ప్లంజ్ పూల్’. కాసేపటికి టైల్ అంచు కింద ఏమీ లేకుండా గాల్లో వేలాడుతుంది, తర్వాత వంగి పడుతుంది. అంటే జలపాతం వెనక్కి జరిగింది. నిజం కొండల్లో ఇదే పని వేల ఏళ్లు పడుతుంది. జలపాతం అంచున నిలబడి సెల్ఫీ ఎందుకు తీసుకోకూడదో ఆ టైల్ పడినప్పుడు పిల్లలే చెబుతారు.

ప్రయోగం ఫోటో అక్కర్లేదు. ‘గార్జ్’, ‘ప్లంజ్ పూల్’, ‘ఫ్లాష్ ఫ్లడ్’ మాటలు వాడుతూ ఐదు వాక్యాలు ఇంగ్లీషులో, ఐదు తెలుగులో పిల్లలే రాసి సోమవారం తేవాలి. మీరు రాసివ్వకండి, చేతిరాత మాకు తెలుసు. పళ్లెంలో మిగిలిన ఇసుకని మాత్రం సింక్‌లో పోయకండి, పైపు పూడుకుపోతుంది. పూలకుండీలో వేసేయండి.