ఆధునిక వ్యాపారంలో సమాచార వ్యవస్థ: బిలాస్‌పూర్ నేర్పే పాఠం

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని బిలాస్‌పూర్ నగరంలో మంగ్లా ఉన్నది. అక్కడ కిరాణా దుకాణం నడుపుకొనే వ్యాపారి ఎవరైనా సరే, ప్రతి ఉదయం మూడు ప్రశ్నలకు సమాధానం వెదుక్కోక తప్పదు. కొట్టులో ఏ సరుకు ఎంత ఉన్నది? రావలసిన సరుకు ఎక్కడ ఉన్నది? ఎవరి వద్ద ఎంత బాకీ ఉన్నది? అదే నగరంలోని రైల్వే కంట్రోల్ కార్యాలయమూ ఇటువంటి ప్రశ్నలతోనే దినచర్య ప్రారంభిస్తుంది. ఖాళీ వ్యాగన్లు ఎన్ని? అవి ఎక్కడ ఉన్నవి? ఎవరికి ముందు పంపవలె? వ్యాపార పరిమాణంలో భేదమే తప్ప ప్రశ్నల స్వభావంలో భేదం లేదు. ఈ ప్రశ్నలకు నమ్మదగిన సమాధానాన్ని, అవసరమైన వ్యక్తికి, అవసరమైన వేళకు అందజేసే ఏర్పాటునే సమాచార వ్యవస్థ అంటారు.

ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించవలె. పుస్తకంలో వ్రాసిన ప్రతి అంకె సమాచారం కాదు. అది కేవలం వివరం. ఆ వివరాలను క్రమబద్ధం చేసి, పోల్చి, ఒక నిర్ణయానికి ఉపకరించే రూపంలోకి తెచ్చినప్పుడే సమాచారమవుతుంది. యార్డులో 58 వ్యాగన్లు ఉన్నవనడం వివరం. వాటిలో మరమ్మతు అవసరమైనవి ఎన్నో, మిగిలినవి ఏ గనికి ఎన్ని గంటలకు చేరగలవో తెలపడం సమాచారం.

బిలాస్‌పూర్ ప్రాముఖ్యం

నాగపూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా ఆసన్‌సోల్ వరకు బెంగాల్ నాగపూర్ రైల్వే నిర్మించిన మార్గం 1891లో సరుకు రవాణాకు ప్రారంభమైంది. నాటి నుంచి ఈ పట్టణం రైల్వేతోనే పెరిగింది. విజయనగరం - రాయపూర్ మార్గం 1931లో పూర్తి కావడంతో ఉత్తరాంధ్రకు ఈ ప్రాంతంతో నేరుగా రైలు సంబంధం ఏర్పడింది. ఉపాధి కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు ఛత్తీస్‌గఢీ, బెంగాలీ, ఒడియా కుటుంబాలకు ఇరుగుపొరుగుగా రైల్వే కాలనీలలో స్థిరపడినవి. 2003లో బిలాస్‌పూర్ ప్రధాన కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడింది. దేశంలో అత్యధికంగా సరుకు ఎగుమతి చేసే జోన్లలో ఇది ఒకటి. బొగ్గు గనులను నిర్వహించే సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ సంస్థ ప్రధాన కార్యాలయమూ ఈ నగరంలోనే ఉన్నది. కోర్బా ప్రాంతంలోని గేవరా, దీప్కా, కుస్‌ముండా గనుల బొగ్గు చాంపా జంక్షన్ మీదుగా దూర ప్రాంతాలకు సాగిపోతుంది.

ఈ రవాణాలో ఆలస్యమంటే ఏమిటో ఒక లెక్క ద్వారా తెలుసుకొనవచ్చు. ఒక యూనిట్ విద్యుత్తుకు సుమారు 650 గ్రాముల బొగ్గు కావలెననుకొందాం. 1,000 మెగావాట్ల కేంద్రం పూర్తి సామర్థ్యంతో పనిచేస్తే రోజుకు 2 కోట్ల 40 లక్షల యూనిట్లు తయారవుతాయి. అందుకు 15,600 టన్నుల బొగ్గు కావలె. ఒక బొగ్గు రైలు ఇంచుమించు 3,500 నుంచి 4,000 టన్నులు మోస్తుంది. అంటే ఆ కేంద్రానికి ప్రతిదినం నాలుగు రైళ్ళు చేరవలె. ఖాళీ రైలు ఎక్కడ నిలిచిపోయిందో తెలియక ఒక పూట గడిచినా, ఆ లోటు కేంద్రంలోని నిల్వల మీద పడుతుంది. నిల్వలు తరిగితే యంత్రాలు ఆగుతాయి. కర్మాగారాలు, ఆసుపత్రులు, సేద్యపు మోటార్లు దాని ఫలితం అనుభవిస్తాయి.

పూర్వపు పద్ధతి

కంప్యూటర్లు రాకపూర్వం సమాచార వ్యవస్థ లేదనుకోవడం పొరపాటు. నంబర్ టేకర్ అనే ఉద్యోగి లాంతరు చేతబట్టి, ఎండనక వాననక యార్డులో నడుస్తూ, ప్రతి వ్యాగన్ సంఖ్యను పుస్తకంలో వ్రాసుకొనేవాడు. స్టేషన్ల నుంచి కంట్రోల్ కార్యాలయానికి టెలిఫోన్ ద్వారా వివరాలు అందేవి. అక్కడ కంట్రోలర్ పెద్ద కాగితంపై గీతలు గీస్తూ రైళ్ళ గమనాన్ని నమోదు చేసేవాడు. ఈ పద్ధతిలో అనుభవం, శ్రద్ధ పుష్కలంగా ఉండేవి. కాని ఒక డివిజన్ సరిహద్దు దాటిన వ్యాగన్ సంగతి మరొక డివిజన్‌ను అడిగి తెలుసుకొనవలసిందే. లెక్కలన్నీ కూడి పై అధికారికి నివేదిక చేరేసరికి యార్డులోని పరిస్థితి మారిపోయేది.

ప్రయాణికులకూ ఇటువంటి ఇబ్బంది ఉండేది. సెలవుపై స్వస్థలానికి వెళ్ళే ఉద్యోగి తిరుగు ప్రయాణానికి బెర్తు కావలెనంటే తంతి పంపించి, జవాబు కోసం నిరీక్షించవలసి వచ్చేది.

కంప్యూటర్ ప్రవేశం

ప్రయాణికుల రిజర్వేషన్‌కు కంప్యూటర్ వినియోగం 1985లో ఢిల్లీలో ఆరంభమైంది. మరుసటి సంవత్సరం, 1986లో, రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం - క్రిస్ - నెలకొన్నది. వేర్వేరు కేంద్రాలను అనుసంధానించగల కాన్సర్ట్ అనే రిజర్వేషన్ విధానం 1994లో సికింద్రాబాద్‌లో మొదటగా అమలులోకి వచ్చింది. 1999 నాటికి దేశంలోని ప్రధాన రిజర్వేషన్ కేంద్రాలు ఒకే అల్లికలో చేరినవి. తిరుగు ప్రయాణపు తంతికి ఇక పని లేకపోయింది.

సరుకు రవాణాకు సంబంధించిన ఫోయిస్ విధానం ఆ తరువాతి సంవత్సరాలలో దేశమంతటా విస్తరించింది. వ్యాగన్ల కోసం వ్యాపారి చేసే కోరిక, వ్యాగన్ల కేటాయింపు, లోడింగు, రైల్వే రసీదు, ప్రయాణం, దిగుమతి - ఈ దశలన్నీ ఇందులో వరుసగా నమోదవుతాయి. చాంపా వద్ద ఉన్న రైలు స్థితిని బిలాస్‌పూర్ అధికారి, ఢిల్లీ అధికారి, బొగ్గు కోసం ఎదురుచూసే వినియోగదారు ఒకే వేళ చూడగలుగుతున్నారు.

పదకొండవ అంకె

అయితే యంత్రం తనకు చెప్పినదానినే నమ్ముతుంది. తప్పు సంఖ్య ఎక్కించితే ఆ తప్పే క్షణంలో దేశమంతటా వ్యాపిస్తుంది. ఈ ప్రమాదాన్ని తగ్గించడానికి భారతీయ రైల్వే వ్యాగన్ సంఖ్యలో ఒక చక్కని ఏర్పాటు ఉన్నది. సంఖ్యలో మొత్తం 11 అంకెలు. మొదటి రెండు వ్యాగన్ రకాన్ని, తరువాతి రెండు దాని సొంతదారైన రైల్వేను, ఆపై రెండు తయారైన సంవత్సరాన్ని, ఆపై నాలుగు వ్యాగన్ వరుస సంఖ్యను తెలుపుతాయి. పదకొండవది కేవలం తనిఖీ అంకె.

మచ్చుకు 2208154306 అనే పది అంకెలను తీసుకొందాం. సరి స్థానాలలోని 2, 8, 5, 3, 6 కలిపితే 24. దానిని మూడుతో హెచ్చిస్తే 72. బేసి స్థానాలలోని 2, 0, 1, 4, 0 కలిపితే 7. రెండూ కలిపి 79. దీని తరువాతి పదుల సంఖ్య 80కి చేరడానికి 1 కావలె. కనుక పదకొండవ అంకె 1. ఎవరైనా పొరపాటున 43 బదులు 34 అని వ్రాస్తే మొత్తం 81 అవుతుంది. తనిఖీ అంకె 9 కావలసి వస్తుంది. వ్యాగన్‌పై ఉన్నది 1 కనుక తప్పు అప్పటికప్పుడే బయటపడుతుంది.

ఈ ఏర్పాటుకూ పరిమితి ఉన్నది. ఒక్క అంకె తప్పితే ఇది తప్పక పట్టుకొంటుంది. కాని 1, 6 వలె అయిదు భేదం గల పక్క అంకెలు తారుమారైతే పట్టుకొనలేదు. అంతకంటె ముఖ్యమైనది మరొకటి. సంఖ్య సరిగానే ఉండి, ఆ వ్యాగన్ అక్కడ లేకపోతే ఏ గణితమూ ఆ సంగతి చెప్పలేదు. ఆ మాట చెప్పవలసినది యార్డులో నిలబడిన మనిషే. వ్యాగన్లకు రేడియో బిళ్ళలు అమర్చి దారిలో యంత్రాలే గుర్తించే పద్ధతి ఇటీవలి కాలంలో వ్యాపిస్తున్నా, పనిచేయని బిళ్ళను గమనించి సరిచేయడం మనిషి బాధ్యతే.

నమోదు - న్యాయం

నమోదైన వేళకు ధనవిలువ కూడా ఉన్నది. వ్యాగన్లను ఖాళీ చేయడానికి నిర్ణీత వ్యవధి ఉంటుంది; అది దాటితే వినియోగదారు డెమరేజి చెల్లించవలె. రైలు సైడింగుకు చేరిన సమయాన్ని నిజానికంటె ఒక గంట ముందుగా నమోదు చేస్తే, చేయని ఆలస్యానికి వ్యాపారి మూల్యం చెల్లిస్తాడు. ఒక గంట తరువాత నమోదు చేస్తే ప్రజల ఆస్తి అయిన రైల్వే నష్టపోతుంది. అందువల్ల మీట నొక్కే గుమాస్తా కేవలం అంకెలు ఎక్కించడం లేదు; ఇరుపక్షాల మధ్య సాక్ష్యం చెప్పుతున్నాడు. అతనికి తగిన శిక్షణ, తప్పు జరిగితే దాచక ఒప్పుకొని సరిదిద్దుకొనే అవకాశం కల్పించడం యాజమాన్యం విధి. తప్పు ఒప్పుకొన్నవానికి శిక్షే ఎదురైతే, తప్పులు తగ్గవు, కనబడకుండా పోతాయి.

చిన్న వ్యాపారానికి వర్తింపు

తిరిగి మంగ్లా దుకాణానికి వద్దాం. 2016లో యూపీఐ చెల్లింపులు, 2017లో వస్తు సేవల పన్ను, 2018లో సరుకు రవాణాకు ఈ-వే బిల్లు అమలులోకి వచ్చిన తరువాత చిన్న వర్తకుడు కూడా దేశవ్యాప్త సమాచార వ్యవస్థలో భాగస్వామి అయినాడు. అయినా అతడు యంత్రం కొనడానికి ముందు చేయవలసిన పని ఒకటి ఉన్నది. ఏ నిర్ణయానికి ఏ వివరం అవసరమో నిశ్చయించుకొనవలె. అమ్మిన సరుకును అమ్మిననాడే వ్రాసుకోవడం, వారానికొకసారి పుస్తకంలోని నిల్వను అరలోని నిల్వతో సరిచూడడం - ఈ రెండు అలవాట్లు లేని చోట ఖరీదైన కంప్యూటర్ కూడా అలంకారంగానే మిగులుతుంది. ఇవి ఉన్న చోట పాత ఖాతా పుస్తకమూ చక్కని సమాచార వ్యవస్థే.

బిలాస్‌పూర్ యార్డులో వ్యాగన్ సంఖ్యను ఒకరు తెలుగులో చదువుకొనవచ్చు, మరొకరు ఛత్తీస్‌గఢీలోనో ఒడియాలోనో చదువుకొనవచ్చు. నమోదైన సంఖ్య మాత్రం అందరికీ ఒక్కటే. దాని ఆధారంగా వందల మైళ్ళ దూరంలో, వారెవరినీ ఎన్నడూ చూడని ఒక అధికారి నిర్ణయం తీసుకొంటాడు. ఒక ఊరిలో దీపాలు వెలుగుతాయి. ఆ నమ్మకం చెడకుండా మొదటి నమోదును నిజాయితీగా చేయడమే సమాచార వ్యవస్థకు పునాది.