డాలు పోయిన హీరో నేర్పిన పాఠం



గత నెల మా ఐదో తరగతి బాబు ఒకడు తన సూపర్ హీరో బొమ్మను బ్యాగు అడుగున దాచుకుని తిరుగుతున్నాడు. బొమ్మ చేతిలోని డాలు పోయింది. ఇంట్లో తెలిస్తే తిడతారని భయం. స్నేహితుడి దగ్గర అలాంటి డాలే ఉంది. దానికి నకలు తీయడమే ఆ వారం మా సైన్స్ యాక్టివిటీ అయింది. ఇంట్లో మీరూ చేయించవచ్చు.

కావలసినవి: పిల్లలు ఆడుకునే క్లే, కొబ్బరి నూనె, హార్డ్‌వేర్ షాపులో దొరికే ప్లాస్టర్ ఆఫ్ పారిస్, పాత ప్లాస్టిక్ కప్పు.

చేసే విధానం:
1. క్లేను వేలి మందాన పరవండి. డాలుకు నూనె రాసి, ముందు వైపు కిందికి ఉండేలా నొక్కి, నిటారుగా పైకి తీయండి. ఇదే అచ్చు.
2. కప్పులో ఒక వంతు నీళ్లు తీసుకుని, సుమారు రెండు వంతుల పొడి కొద్దికొద్దిగా వేసి కలపండి.
3. వెంటనే అచ్చులో పోసి, బుడగలు పోయేలా కింద మెల్లగా తట్టండి.
4. అరగంట తర్వాత క్లేను విడదీయండి. ఒక రోజు ఆరనిచ్చి రంగు వేయండి.

కత్తిలాంటి సన్నని భాగమైతే లోపల చిన్న తీగ ముక్క పెట్టండి. లేకపోతే ఇట్టే విరుగుతుంది.

జాగ్రత్తలు: ప్లాస్టర్ నీటితో కలిసి జిప్సంగా గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. ఇది పదో తరగతి కెమిస్ట్రీలో ఉన్న పాఠమే. అందుకే అందులో వేళ్లు ముంచనివ్వకండి. పొడి కలిపేటప్పుడు ముక్కుకు రుమాలు కట్టండి. మిగిలినది సింకులో పోయకండి, పైపు మూసుకుపోతుంది.

పిల్లలను అడగవలసిన ప్రశ్న: బొమ్మకు ఎడమ చెయ్యి పోతే, కుడి చేతికి అచ్చు తీస్తే సరిపోతుందా? సరిపోదు. అచ్చులో గుంట ఉన్నచోట నకలులో ఎత్తు వస్తుంది కాబట్టి మళ్లీ కుడి చెయ్యే వస్తుంది. దీన్ని చెప్పకండి, చేసి తెలుసుకోనివ్వండి.

బొమ్మను భాగాలుగా చేయడం మనకు కొత్త కాదు. కొండపల్లి కళాకారులు తెల్ల పొణికి చెక్కతో భాగాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు.

మా బాబు మొదటి డాలు నిండా బుడగలే. "సరిగ్గా తట్టలేదు టీచర్" అని కారణం తనే చెప్పి, రెండోది చేసి, రెండూ ఇంట్లో చూపించాడు. మీ బిడ్డ విరిగిన బొమ్మ తెచ్చినప్పుడు ముందుగా "బాగు చేద్దామా?" అని అడగండి. అప్పుడు దాచుకోవలసిన అవసరం వాళ్లకు ఉండదు.