బోటు బేరం ఒడ్డునే తేల్చుకోవాలి

కిందటి సంక్రాంతికి కొన్ని వారాల ముందు కోనసీమ నుంచి ఒక కుర్రాడు మా ఆఫీసుకు వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు, అందులో ఒకే ఒక్క కాగితం, బోటు కొటేషన్. దిండి వైపు వచ్చే పర్యాటకులను గోదావరి పాయలో స్పీడ్ బోటు మీద తిప్పుదామని, నడపడం తనే నేర్చుకుని, ఇంట్లో బంగారం కుదువపెట్టి, పొరుగు రాష్ట్రంలోని డీలరు దగ్గర కొత్త బోటు మాట్లాడుకున్నాడు. ఎనిమిది మంది కూర్చునే ఫైబర్ బోటు, దానికి ఔట్‌బోర్డ్ మోటారు. డీలరు చెప్పిన ధర 16 లక్షలు. మూడు వారాలు ఫోన్లలో బేరమాడి 14 లక్షల 50 వేలకు దించాడు. లక్షన్నర అడ్వాన్సు కట్టాడు.

"మిగతాది కట్టి బోటు తెచ్చుకుందామని అడిగితే ఇరవై లక్షల పైన బిల్లు పంపారండి. అదేంటంటే టాక్సు వేరే అంటున్నారండి" అన్నాడు.

కొటేషన్ కింది భాగంలో, కళ్లజోడు పెట్టుకున్నా కష్టంగా కనిపించే అక్షరాల్లో "పన్నులు అదనం" అని ఉంది. విహారానికి, క్రీడలకు వాడే బోట్ల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 40 శాతం. పద్నాలుగున్నర లక్షల మీద అది 5 లక్షల 80 వేలు. మూడు వారాల బేరంలో అతను సంపాదించింది లక్షన్నర. చదవని ఒక్క వాక్యంలో పోయింది దానికి దాదాపు నాలుగు రెట్లు.

బోటు కొనేవాళ్లు తక్కువే. ట్రాక్టరు, ట్రావెల్స్ వ్యాను, హార్వెస్టరు కొనేవాళ్లు ఊరూరా ఉన్నారు. కొటేషన్ కాగితాలన్నీ ఒకే తీరుగా ఉంటాయి కాబట్టి, ఈ కుర్రాడి కాగితం పట్టుకుని మాట్లాడుకుందాం.

ముందుగా ధర. డీలరు చెప్పే ధరకు మనం ఒప్పుకుని తీరాలని ఏ చట్టమూ చెప్పదు, మనం అడిగిన ధరకు అతను ఇచ్చి తీరాలనీ చెప్పదు. కానీ ఇద్దరూ ఒక అంకెకు ఒప్పుకున్నాక దానికి చట్టం కాపలా ఉంటుంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2(6) సెక్షన్ ప్రకారం ఫిర్యాదు చేయదగిన విషయాల్లో "ఇరుపక్షాలు ఒప్పుకున్న ధర కన్నా ఎక్కువ వసూలు చేయడం" కూడా ఒకటి. చాలామంది ఎమ్మార్పీ కన్నా ఎక్కువ తీసుకుంటేనే కేసు అనుకుంటారు. బోటుకు ఎమ్మార్పీ అచ్చువేసిన పెట్టె ఉండదు. మీ బేరంలో తేలిన అంకే దాని ధర. ఆ అంకెను రుజువు చేసుకోవడం మాత్రం మీ పని.

నోటిమాట ఒప్పందం కూడా ఒప్పందమే, అందులో సందేహం లేదు. "అలా అనలేదు" అని అవతలివాళ్లు అన్న రోజున దాన్ని నిలబెట్టడమే కష్టం. అందుకే బేరం కుదిరిన రోజు కొటేషన్ మీద, డీలరు సంతకంతో, స్టాంపుతో ఒక వాక్యం రాయించుకోవాలి: "అన్ని పన్నులు, రవాణా, ఇతర ఛార్జీలు కలిపి, బోటు ఫలానా చోట నీళ్లలోకి దిగేవరకు మొత్తం ఇంత." హ్యాండ్లింగ్ ఛార్జీలు, ప్యాకింగ్, ట్రెయిలరు, ఇంజిన్ బిగింపు కూలీ అంటూ తర్వాత పుట్టుకొచ్చేవన్నీ ఆ వాక్యం దగ్గరే ఆగిపోతాయి. ఆ మాట రాయడానికి ఒప్పుకోని డీలరు దగ్గర తగ్గిన ధర నిజంగా తగ్గినట్టు కాదు.

పన్ను విషయంలో మరో మెలిక ఉంది. ప్రయాణికులను చేరవేసే ఫెర్రీ బోట్లు, క్రూయిజ్ నౌకలు 8901 అనే కోడ్ కిందకి వస్తాయి, వాటి మీద జీఎస్టీ 5 శాతం. సరదాకు, క్రీడలకు వాడేవి 8903 కిందకి వస్తాయి, వాటికి 40 శాతం. ఏ బోటు ఎందులోకి వస్తుందన్నది దాని నిర్మాణం, వాడకం చూసి తేల్చాలి. డీలరు నచ్చినట్టు కోడ్ మార్చి తగ్గిస్తానంటే నమ్మవద్దు. అది తప్పని రేపు పన్ను శాఖ తేలిస్తే ఆ తగాదా మీ గుమ్మం దాకా వస్తుంది. కొటేషన్‌లోనే కోడ్, పన్ను శాతం రాయమనండి. ఇంజిన్‌కు విడిగా బిల్లు వేస్తే దాని కోడ్ కూడా. మీకు జీఎస్టీ నమోదు ఉండి, డబ్బు తీసుకుని ప్రయాణికులను తిప్పేవారైతే కట్టిన పన్నుకు ఇన్‌పుట్ క్రెడిట్ పొందే దారి ఉంది, ఆడిటర్‌ను ముందే అడగండి.

బుక్ చేసిన రోజుకూ, బోటు చేతికొచ్చే రోజుకూ మధ్య పన్ను మారితే? వస్తు విక్రయ చట్టం, 1930లోని 64ఎ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే మాట లేకపోతే పెరిగిన పన్ను కొనేవాడి మీద పడుతుంది, తగ్గినా ఆ లాభం కొనేవాడికే చెందుతుంది. పెరిగితే మీ మీద వేసి, తగ్గితే తన దగ్గరే ఉంచుకోవడం కుదరదు.

ఇక అడ్వాన్సు. ఆ కాగితం మీద "అడ్వాన్సు ఎట్టి పరిస్థితుల్లోనూ వాపసు ఇవ్వబడదు" అని ఉంది. ఇది చూసి చాలామంది చేతులెత్తేస్తారు. సంచకారం వేరు, అడ్వాన్సుగా కట్టే ధరలో భాగం వేరు. మాట నిలబెట్టుకుంటానని పూచీగా ఇచ్చింది సంచకారం. కొనేవాడు అకారణంగా వెనక్కి తగ్గితే అది తగుమాత్రంగా ఉన్నంతవరకు అమ్మేవాడు ఉంచుకోవచ్చు. ధరలో భాగంగా ముందు కట్టిన డబ్బు సంగతి అలా కాదు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ కింద నష్టానికి తగిన పరిహారమే దక్కుతుందని, కాగితం మీద రాసుకున్నంత మాత్రాన మొత్తం జప్తు చేసుకోలేరని సుప్రీంకోర్టు 1963లో ఫతేచంద్ కేసులోనూ, తర్వాత మౌలాబక్ష్ కేసులోనూ చెప్పింది. అసలు మాట తప్పింది డీలరే అయినప్పుడు, అంటే ఒప్పుకున్న ధర పెంచినా, చెప్పిన తేదీకి బోటు ఇవ్వకపోయినా, మీ డబ్బు ఉంచుకోవడానికి అతనికి ఏ హక్కూ లేదు. అడ్వాన్సు రసీదు మీద ఎందుకు కట్టారో, ఏ పరిస్థితిలో వాపసో రాయించుకోండి. డెలివరీ తేదీ వేయించి, ఆ తేదీ ఈ బేరంలో కీలకమని కూడా రాయించండి. సంక్రాంతి సెలవుల కోసం కొన్న బోటు మార్చిలో వస్తే ఎవరికి ఉపయోగం?

"బిల్లు వద్దనుకుంటే ఇంకో లక్ష తగ్గిస్తాం" అన్నారట అతనితో. అతను దాదాపు ఒప్పుకున్నాడు కూడా. వద్దు బాబూ, అని గట్టిగా చెప్పాను. బిల్లు లేని బోటుకు రిజిస్ట్రేషన్ లేదు, ఇన్సూరెన్స్ లేదు, ఇంజిన్ వారంటీ లేదు. బిల్లు ఇవ్వకపోవడం చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతి. 2 లక్షలు, ఆపైన నగదు రూపంలో తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. మరో పద్ధతి దీనికి తిరగేసి ఉంటుంది: బ్యాంకు లోను ఎక్కువ రావడానికి కొటేషన్‌లో ధర పెంచి వేయడం. సాయం చేస్తున్నట్టే చెబుతారు. అది బ్యాంకును మోసం చేయడం, అందులో సంతకం మీది. పైగా రేపు వినియోగదారుల కమిషన్ ముందు మీ అసలు ధర ఎంతో మీరే చెప్పుకోలేరు.

"మా దగ్గర ఇన్సూరెన్స్ తీసుకుంటేనే బోటు, మా సర్వీసు ప్యాకేజీ కొంటేనే ఈ రేటు" అనడమూ మామూలే. ఒకటి కొనాలంటే మరొకటి కొని తీరాలని షరతు పెట్టడాన్ని చట్టం నిర్బంధ వ్యాపార పద్ధతి అంటుంది, దాని మీద కూడా ఫిర్యాదు చేయవచ్చు. తగ్గింపు ఇస్తూ మీ ఇష్టానికి వదిలితే తప్పులేదు. షరతు మాటను మెసేజ్‌లో అడిగి, జవాబు రాతలో తెప్పించుకోండి.

నేను ఆ కుర్రాణ్ని అడిగిన ప్రశ్నల్లో ఎక్కువ సమయం పట్టింది ఒకటే: "ఈ బోటు ఎందుకు కొంటున్నావో డీలరుకు చెప్పావా?" చెప్పలేదు. అద్దెకు తిప్పుతానంటే వారంటీ తగ్గిస్తారని స్నేహితులు చెప్పారట, అందుకని సొంత వాడకానికన్నాడు. ఔట్‌బోర్డ్ మోటార్లకు సొంత వాడకానికి ఎక్కువ కాలం, వ్యాపార వాడకానికి తక్కువ కాలం వారంటీ ఇవ్వడం కంపెనీల్లో మామూలే. కానీ అబద్ధం చెప్పి తెచ్చుకున్న వారంటీ మొదటి రిపేరులోనే బయటపడుతుంది. పైగా పెద్ద రక్షణ ఒకటి చేజారుతుంది. ఏ పనికి కొంటున్నారో చెప్పి, అమ్మేవాడి అనుభవం మీద ఆధారపడి కొంటే, ఆ వస్తువు ఆ పనికి తగినదై ఉండాలన్నది వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్ పెట్టే షరతు. ఎనిమిది మందితో రోజుకు పది ట్రిప్పులు తిరగాలని చెప్పి కొన్నాక, ఆ మోటారు నలుగురికే లాగుతుంటే తప్పు అమ్మినవాడిది. చెప్పకపోతే తప్పు మీది.

వినియోగదారుల చట్టం వ్యాపారం కోసం కొన్నవాళ్లకు వర్తించదు. అలాగని బతుకుతెరువు కోసం, స్వయం ఉపాధికి కొని వాడుకునేవాళ్లను బయటకు నెట్టలేదు. తనే నడుపుకునేందుకు ఆటో కొన్నవాడు వినియోగదారుడేనని 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు వివరించింది. సాయానికి ఒకరిద్దరు ఉన్నా ఆ హోదా పోదు. మూడు బోట్లు కొని డ్రైవర్లను పెట్టి నడిపే రిసార్టు యజమాని మాత్రం సివిల్, కమర్షియల్ కోర్టులకు వెళ్లాలి. కాబట్టి ఆర్డరు కాగితం మీద "స్వయం ఉపాధి కోసం, నేనే నడుపుకునేందుకు, పర్యాటకులను తిప్పడానికి" అని రాయండి. 16వ సెక్షన్‌కూ, వినియోగదారుడి హోదాకూ, సరైన వారంటీకీ ఆ మాటే ఆధారం.

ఒక్కచోట బేరం వద్దు. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో అనుమతి లేని బోటు బోల్తాపడి ఇరవైమందికి పైగా చనిపోయారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరి మింగిన వాళ్లను ఈ జిల్లాల్లో ఎవరూ మరిచిపోలేదు. లైఫ్ జాకెట్లు, మంటలార్పే సిలిండరు, లంగరు తీసేసి ధర తగ్గించమని అడగవద్దు. ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం, 2021 ప్రకారం యంత్రంతో నడిచే బోటుకు సర్వే సర్టిఫికెట్, రిజిస్ట్రేషన్ ఉండాలి. వాటికి కావలసిన తయారీదారు పత్రాలు, ఇంజిన్ బిల్లు డీలరే ఇవ్వాలని, అవి చేతికొచ్చాకే ఆఖరి వాయిదా కడతానని ఒప్పందంలో రాయించుకోండి. పత్రాల్లేని బోటు ఒడ్డున కొబ్బరిచెట్టు కింద ఎండుతుంది, వడ్డీ మాత్రం ఆగదు.

డెలివరీ నాడు "తనిఖీ చేసి సంతృప్తి చెందాను" అన్న కాగితం మీద సంతకం చేయించుకుంటారు. బోటును నీళ్లలో దించి, మనుషులను ఎక్కించి, నడిపి చూశాకే ఆ సంతకం. పరీక్షించుకునే అవకాశం కొనేవాడి హక్కు అని వస్తు విక్రయ చట్టం 41వ సెక్షన్ చెబుతుంది. ఫైబర్ బోటు ఒకరిది, ఇంజిన్ మరొకరిది అయినప్పుడు రెండు వారంటీ కార్డులూ, వాటి మీద నంబర్లూ అక్కడే సరిచూసుకోండి.

తగాదా వస్తే? ముందు 1915 నంబరుకు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. కదలిక లేకపోతే జిల్లా కమిషన్. చెల్లించిన ధర 50 లక్షల వరకు జిల్లా కమిషనే వింటుంది. 5 లక్షల వరకు ఫీజు లేదు, 10 నుంచి 20 లక్షల మధ్య 400 రూపాయలు. "వివాదాలన్నీ మా ఊరి కోర్టుల్లోనే" అని డీలరు అచ్చువేసుకున్నా, మీరు నివసించే జిల్లాలో ఫిర్యాదు వేసే హక్కు చట్టం ఇచ్చింది. ఆర్బిట్రేషన్ షరతు ఉన్నా ఈ దారి మూసుకుపోదని సుప్రీంకోర్టు 2018లో ఎమ్మార్ కేసులో నిలబెట్టింది. గడువు రెండేళ్లు. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే 15100కు ఫోన్ చేసి న్యాయసేవల సంస్థను అడగండి.

మన కుర్రాడి సంగతికొస్తే, అతని ఫోన్‌లో ఒక వాయిస్ మెసేజ్ దొరికింది. సేల్స్ కుర్రాడు "అన్నీ కలిపే బ్రదర్, పద్నాలుగున్నర" అన్న మాట. ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి కాబట్టి ఆ ఫోన్ అమ్మొద్దని, మెసేజ్ చెరపొద్దని చెప్పి నోటీసు పంపాను. నాలుగో వారంలో లక్షన్నరా వాపసు వచ్చింది. సంక్రాంతి సీజను మాత్రం పోయింది, దానికి పరిహారం కోసం కోర్టుల చుట్టూ తిరిగే ఓపిక లేదన్నాడు.

వరదల కాలంలో మళ్లీ వచ్చాడు. గోదావరి పోటు మీదుండి బోట్లన్నీ కట్టేసి ఉన్న రోజులు, డీలర్లకూ గిరాకీ ఉండదు. ఈసారి వేరే యార్డు కొటేషన్. కోడ్, పన్ను, మొత్తం అంకె, డెలివరీ తేదీ, పత్రాల జాబితా అన్నీ ఉన్నాయి. కింద తన చేతిరాతతో "నా జీవనోపాధికి, నేనే నడుపుటకు" అని రాసి, పక్కన యార్డు వాళ్ల సంతకం కూడా తీసుకున్నాడు. నీళ్ల మీద పరీక్ష ఒక్కటి లేదు. పెన్ను ఇచ్చి ఆ వాక్యం కూడా అతని చేతే రాయించాను.