శిలీంధ్ర వ్యాధి నిర్ణయంలో నీలిరక్తపు సాక్ష్యం

2021 మే నెలలో ఒక రాత్రి విజయవాడ నుండి మా పినతండ్రి కుమారుడు ఫోను చేశాడు. కోవిడ్ నుండి కోలుకుంటున్న బాబాయికి బుగ్గ వాచి, కుడి కన్ను మూతపడింది. మధుమేహం ఏనాటి నుండో ఉన్నదే. "అన్నయ్యా, గ్లూకాన్ పరీక్ష నెగటివ్ వచ్చింది. ఫంగస్ లేనట్టే కదా! అయినా డాక్టర్లు ఆపరేషన్ అంటున్నారు, ఒప్పుకోవాలా?" అని అడిగాడు. నేను వైద్యుడను కాను, రసాయన శాస్త్రజ్ఞుడను. అయితే అతని ప్రశ్నకు సమాధానం రసాయన శాస్త్రంలోనే ఉన్నది.

శిలీంధ్ర కణం చుట్టూ గట్టి గోడ ఉంటుంది. మన కణాలకు అది లేదు. బీటా గ్లూకాన్, మానన్, కైటిన్ వంటి చక్కెర గొలుసులు ఆ గోడకు ఇటుకలు. శిలీంధ్రం కణజాలంలోకి చొచ్చుకొనిపోయి పెరిగేటప్పుడు ఈ గోడ పెళ్ళలు కొన్ని రక్తంలో కలుస్తాయి. ప్రయోగశాలలో శిలీంధ్రాన్ని పెంచి గుర్తించడానికి రోజులు పడుతుంది, ఒక్కొక్కప్పుడు అది పెరగనే పెరగదు. ఆంఫోటెరిసిన్ వంటి మందు మూత్రపిండాలకు హాని చేస్తుంది గనుక కేవలం అనుమానంతో వాడడమూ కష్టమే. అందుకే ఈ పెళ్ళల వేట.

వేటకు పనికివచ్చే జీవి మా పొరుగునే ఉన్నది. చోవా చూ కాంగ్‌లో రైలెక్కితే రెండవ స్టేషన్ క్రాంజీ. ఆ సమీపాన మండై బురదతీరంలో ఆటు వేళ గుర్రపునాడా పీతలు కనిపిస్తాయి. పేరుకు పీతే గాని, దీనికి తేళ్ళతో, సాలెపురుగులతోనే దగ్గరి చుట్టరికం. రాగి ఉండడం వలన దీని రక్తం నీలిరంగు. ఈ జాతికి అమెరికా తీరంలో ఉన్న బంధువుపై పరిశోధించిన ఫ్రెడరిక్ బాంగ్, బాక్టీరియా సోకగానే దాని రక్తం గడ్డకడుతుందని 1956లో ప్రకటించాడు. ఇంజెక్షన్ మందుల శుద్ధతను తేల్చే పరీక్ష అలా పుట్టింది. అయితే బాక్టీరియా విషం లేని చోట కూడా ఆ రక్తసారం అప్పుడప్పుడు గడ్డకట్టేది. దానికి కారణం గ్లూకాన్ తగిలితే మేల్కొనే మరొక మార్గమని 1981లో జపాన్ శాస్త్రజ్ఞులు చూపారు. పరీక్షలో లోపమనుకున్నదే శిలీంధ్ర పరీక్షకు ఆధారమైంది! బాక్టీరియా విషాన్ని పసిగట్టే ప్రోటీను జన్యుక్రమాన్ని సింగపూర్ పీత నుండి వెలికితీసి 1995లో ప్రకటించినవారు ఇక్కడి జాతీయ విశ్వవిద్యాలయపు డింగ్ జియాక్ లింగ్, హో బౌ బృందం. దానితో ఆ ప్రోటీనును పీత రక్తం లేకుండానే తయారు చేయడం సాధ్యమైంది. గ్లూకాన్ పరీక్షకు మాత్రం నేటికీ ఎక్కువగా పీత రక్తసారమే ఆధారం.

ఈ సాక్షి ఒక్కొక్కసారి అకారణంగా అరుస్తుంది. శస్త్రచికిత్సలో వాడిన గాజుగుడ్డ, డయాలిసిస్‌లోని సెల్యులోజ్ పొర, ఎక్కించిన ఇమ్యునోగ్లోబులిన్ కూడా దానిని రెచ్చగొట్టగలవు. ఆస్పర్జిల్లస్‌కు గాలక్టోమానన్ పరీక్ష, క్రిప్టోకాకస్‌కు దాని పైతొడుగును గుర్తించే పరీక్ష వేరుగా ఉన్నాయి. రెండవది నిమిషాలలో తేలుతుంది, ఎంతో నమ్మదగినది.

మన వాళ్ళను 2021లో వణికించిన బ్లాక్ ఫంగస్ దారి వేరు. మ్యూకర్ వర్గపు శిలీంధ్రాల గోడలో కైటిన్, కైటోసాన్ ప్రధానం, గ్లూకాన్ అత్యల్పం. గాలక్టోమానన్ పరీక్షకూ అవి దొరకవు. రెండు పరీక్షలూ నెగటివ్ వచ్చినా వ్యాధి కంటి వైపు, మెదడు వైపు సాగిపోతూనే ఉండవచ్చు. ఆ మే 20న తెలంగాణ ప్రభుత్వం దీనిని విధిగా తెలుపవలసిన వ్యాధిగా ప్రకటించింది. హైదరాబాదులో కోఠి ఇ.ఎన్.టి. ఆసుపత్రి చికిత్సకు ప్రధాన కేంద్రమైంది. ఇటువంటి రోగులలో వ్యాధిని తేల్చేది పాత పద్ధతే: ముక్కులోనుండి గీకి తీసిన ముక్కపై పొటాషియం హైడ్రాక్సైడ్ వేసి సూక్ష్మదర్శినిలో చూడడం. ఆ క్షారానికి మనిషి కణజాలం కరిగిపోతుంది, శిలీంధ్రపు గోడ నిలుస్తుంది. సన్నగా, అడ్డుపొరలతో, ఏటవాలుగా చీలే పోగులు ఆస్పర్జిల్లస్‌వి. వెడల్పైన రిబ్బను వలె, దాదాపు అడ్డుపొరలు లేకుండా, లంబకోణంలో చీలేవి మ్యూకర్‌వి.

తమ్ముడికి ఇదే చెప్పాను: "ఆ నెగటివ్ ఈ ఫంగస్ గురించి ఏమీ చెప్పదురా. ముక్కులోనుండి ముక్క తీసి చూశారేమో అడుగు, డాక్టర్ల మాట విను." అప్పటికే చూశారట, రిబ్బను పోగులు కనిపించాయట. ఆ సంగతి వాళ్ళు చెప్పినా, చేతిలోని నెగటివ్ కాగితం మీదనే మావాళ్ళకు నమ్మకం కుదిరింది. మరునాడు ఉదయం ఆపరేషన్ జరిగింది. బాబాయికి కుడి కన్ను దక్కలేదు. ఎడమ కంటితో ఇప్పుడు పేపరు చదువుతున్నారు.