ఇంట్లోంచే వ్యాపారం.. కానీ ఇంటి లెక్క కాదు

పైన వీడియోలో కనిపించేది కూకట్‌పల్లిలో మా ఇంటి ముందు గది. తాండూరు వైపు మా పొలంలో ప్రకృతి వ్యవసాయంలో పండిన కందుల్ని పప్పు పట్టించి, ఈ గదిలోనే ప్యాక్ చేసి, చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లకు ఇస్తున్నాం. కొనేవాళ్లలో ఎక్కువమంది హైటెక్ సిటీ ఉద్యోగులే.

మొదటి ఏడాది నేను చేసింది వ్యాపారం కాదు, పంచిపెట్టుడు. ఆ వానాకాలం ఒక అపార్ట్‌మెంట్‌కు 40 కిలోలు ఇస్తే పురుగు పట్టింది. "మందు కొట్టని పప్పు కదా అక్కా, పడుతది" అన్నాను. ఆమె ఒక్కటే అడిగింది: "సరే తమ్ముడూ, ఇది ఏ రోజు పట్టించిన పప్పు?" నా దగ్గర జవాబు లేదు. డబ్బులు వాపసు ఇచ్చాను. ఆ గేటు నుంచి మళ్లీ ఆర్డర్ రాలేదు.

ఆ తర్వాత మార్చుకున్నవి ఇవి.

1. బ్యాచ్ పుస్తకం: కందికి పురుగు పొలంలో కాయ మీదే మొదలవుతది. అందుకే కొరికితే టక్కుమనే దాకా ఎండబెట్టి, గాలి చొరబడని సంచుల్లో పెడతాం. అమ్ముడయ్యేంత మాత్రమే పట్టిస్తాం. ప్రతిసారీ తేదీ, బ్యాచ్ నంబరు రాస్తాం. అదే నంబరు ప్యాకెట్ మీద ఉంటది.

2. కాగితాలు: చిన్న వ్యాపారానికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ బేసిక్ రిజిస్ట్రేషన్ తీసుకున్నాం. నేను తీసుకున్నప్పుడు ఫీజు ఏడాదికి 100 రూపాయలు. ఆ 14 అంకెల నంబరు, బరువు, ఎంఆర్‌పీ, ప్యాక్ చేసిన నెల, మా చిరునామా, ఫోన్ నంబరు లేబుల్ మీద వేస్తాం. కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. తాండూరు కందికి 2022లో జీఐ గుర్తింపు వచ్చింది. కానీ ఆ గుర్తు వాడాలంటే అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. జైవిక్ భారత్ గుర్తుకు ఎన్‌పీఓపీ గానీ పీజీఎస్-ఇండియా గానీ ధ్రువీకరణ కావాలి. మాకు ఇంకా లేవు, అందుకే "మా పొలం కందిపప్పు" అనే రాస్తాం. నమ్మకం కుదరనివాళ్లను పొలానికి తీసుకుపోతాం.

3. ధర: అగ్రికల్చర్ డిప్లొమాలో ఎరువుల మోతాదు నేర్పారు, ధర కట్టుడు నేర్పలేదు. ఉదాహరణకు కందులు కిలో 80 అనుకోండి. 100 కిలోలకు 70 కిలోల పప్పు వస్తే, కిలో ఖర్చు 114 దగ్గర మొదలవుతది. దాని మీద మిల్లు కూలి, రవాణా, కవరు, తరుగు. అన్నిటికన్నా ముఖ్యం, ఇంట్లోవాళ్లు ఏరి, ప్యాక్ చేసిన గంటల కూలి. దాన్ని సున్నా అని రాస్తే మిగిలింది లాభం కాదు, వాళ్ల కష్టం.

4. వేరే ఖాతా, వేరే సమయం: వ్యాపారానికి విడిగా బ్యాంకు ఖాతా. ఆర్డర్లు గురువారం దాకే, డెలివరీ శనివారం.

మొదటి నెల జీతం కవరు చేతిలో పెడితే అమ్మ నవ్వింది: "ఇంట్ల పనికి జీతమేందిరా?" రెండో నెల తన గంటలు తనే రాసుకుని పుస్తకం నా ముందు పెట్టింది.

మీరూ ఈ రాత్రే ఒక నోటుబుక్ తెరవండి. మొదటి పేజీలో ఇంట్లోవాళ్ల కూలి రాయండి. మీ ధర సరైందో కాదో అక్కడే తేలిపోతది.