ఇంటర్నెట్ ఎక్కడ ఆగిపోయింది?

మీ ఇల్లు జగిత్యాల జిల్లా మల్యాలలో ఉందనుకోండి. ఉపకార వేతనానికి దరఖాస్తు పంపడానికి రేపే ఆఖరు రోజు. రాత్రి లైనక్స్ కంప్యూటరు ముందు కూర్చున్నారు. పేజీ తెరుచుకోవడం లేదు. “నెట్ పోయింది” అని ఇంట్లో అందరూ తేల్చేశారు. పోయిందంటే ఎక్కడ పోయింది? కంప్యూటరులోనా, రౌటరులోనా, బయటి తీగలోనా? వైద్యుడు రోగిని పరీక్షించినట్లు మనమూ వరుసగా పరీక్షించి చూద్దాం. ముందుగా ఈ పరికరాలు ఏం చేస్తాయో తెలుసుకోవాలి.

గాజు తీగలో కాంతి

ఫైబరు కనెక్షను తీసుకున్న ఇంటికి వచ్చే తీగలో వెంట్రుక వంటి సన్నని గాజు తంతువు ఉంటుంది. అందులో ప్రయాణించేది విద్యుత్తు కాదు, కాంతి. గాజులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. మల్యాల నుంచి హైదరాబాదుకు తంతువు పొడవు 200 కిలోమీటర్లు అనుకుంటే అక్కడికి ఎంతసేపట్లో చేరుతుందో లెక్క వేయండి. సెకనులో వెయ్యో వంతు! ఇంట్లోని పెట్టె ఈ కాంతిని విద్యుత్ సంకేతాలుగా మారుస్తుంది. చాలా ఇళ్లలో ఈ పెట్టె, రౌటరు ఒకే డబ్బాలో ఉంటాయి.

రౌటరు చేసే పని

ఇంటర్నెట్‌లో ప్రతి పరికరానికీ ఒక అంకెల చిరునామా కావాలి. పాత పద్ధతిలో సుమారు 430 కోట్ల చిరునామాలే సాధ్యం. అవి అందరికీ చాలవు. అందుకే 192.168తో మొదలయ్యే చిరునామాలను ఇళ్లలో వాడుకోవడానికి విడిగా ఉంచారు. మీ ఇంట్లోనూ, కోరుట్లలో మీ మేనమామ ఇంట్లోనూ ఒకే అంకె ఉండవచ్చు. చిక్కేమీ లేదు.

హాస్టలు పిల్లల ఉత్తరాలన్నీ ఒకే చిరునామాకు వస్తాయి. ఏది ఎవరిదో వార్డెను చూసి పంచుతారు. రౌటరు చేసేదీ అంతే. ఏ పరికరం ఏమి అడిగిందో రాసి పెట్టుకొని, వచ్చిన జవాబును దానికే అందిస్తుంది.

లైనక్స్ కంప్యూటరుకు ప్రత్యేకమైన రౌటరు కావాలా? అక్కరలేదు. సందేశాలు పంపే నియమాలు అన్నింటికీ ఒక్కటే. పైగా ఎన్నో రౌటర్ల లోపల పనిచేసేది లైనక్సే! 1991లో ఫిన్లండులో 21 ఏళ్ల విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన పని ఇలా మన గోడ మీదికి చేరింది.

అమర్చడం ఎలా?

రౌటరును కంప్యూటరుకు తీగతో కలపండి. బ్రౌజరులో రౌటరు చిరునామా కొట్టండి. అది తరచుగా 192.168.1.1 ఉంటుంది, రౌటరు అడుగున రాసి ఉంటుంది. తెరుచుకున్న పేజీలో కంపెనీ ఇచ్చిన యూజరు పేరు, పాస్‌వర్డు అడిగితే నింపండి. వైఫైకి పొడవైన పాస్‌వర్డు పెట్టండి. రౌటరుతో వచ్చిన పాస్‌వర్డును తప్పక మార్చండి. తాళం మార్చకుండా కొత్త ఇంట్లో చేరతామా?

నాలుగు పరీక్షలు

1. దీపాలు చూడండి. ‘ఎల్‌ఓఎస్’ దగ్గర ఎర్రదీపం వెలిగితే కాంతి రావడం లేదన్నమాట. తీగ ఎక్కడైనా మడత పడిందేమో చూడండి. కాని తంతువు కొనలోకి ఎప్పుడూ చూడకండి. అందులోని కాంతి కంటికి కనబడదు, అయినా హాని చేయగలదు.

2. టెర్మినల్ తెరిచి ‘ఐపి రూట్’ అనే ఆదేశాన్ని ఇంగ్లీషు చిన్న అక్షరాలలో కొట్టండి. ‘డిఫాల్ట్’ అన్న వరుసలో రౌటరు చిరునామా కనబడాలి. లేకపోతే మీ కంప్యూటరు రౌటరుతో కలవలేదు.

3. ‘పింగ్’ అని కొట్టి, పక్కన రౌటరు చిరునామా ఇవ్వండి. జవాబు వస్తే ఇంటి లోపల అంతా బాగున్నట్లే. కంట్రోల్, సి మీటలు కలిపి నొక్కితే పింగ్ ఆగుతుంది. తరువాత 8.8.8.8కు పింగ్ చేయండి. రౌటరు పలికి, ఇది పలకకపోతే లోపం చాలావరకు రౌటరుకు అవతల ఉంది, లేదా కంపెనీ వివరాలు రౌటరులో సరిగా నింపలేదు.

4. చివరగా ఏదైనా వెబ్‌సైటు పేరుతో పింగ్ చేయండి. అంకెకు జవాబు వచ్చి, పేరు దొరకలేదని చెబితే, పేర్లను అంకెలుగా మార్చే ‘డీఎన్‌ఎస్’ ఏర్పాటులో లోపం ఉంది.

ఇప్పుడు కంపెనీకి “నెట్ రావడం లేదు” అనకండి. “రౌటరు జవాబిస్తోంది, బయటి చిరునామా జవాబివ్వడం లేదు” అనండి. సగం పని మీరే చేసినట్లు!

మరి ఆ రాత్రి దరఖాస్తు మాట? ఫోనును యూఎస్‌బి తీగతో కంప్యూటరుకు కలిపి, ఫోనులో టెదరింగ్ ఆన్ చేయండి. సాధారణంగా లైనక్స్ దాన్ని తనంతట తానే గుర్తిస్తుంది.

చేసి చూడండి: వారం రోజులు ఉదయం, రాత్రి 8.8.8.8కు పింగ్ చేసి, పట్టిన కాలాన్ని నోటుపుస్తకంలో రాయండి. ఏ వేళ ఎక్కువ పడుతోంది? ఎందుకో ఆలోచించండి.