ఇంటర్నెట్టు లేని పల్లెలో వీడియో పాఠం



1963 డిసెంబరు 4న రెండవ వాటికన్ మహాసభ సమాచార సాధనాలను గురించి ప్రత్యేకంగా ఒక అధికార పత్రం వెలువరించింది. వాటిని సువార్త సేవకు వాడుకోవడం శ్రీసభ బాధ్యత అని అందులో బోధించింది. 1978లో విడుదలైన ‘కరుణామయుడు’ చిత్రాన్ని ప్రొజెక్టరుతో తెరకట్టి పల్లెల్లో చూపిన రోజులు మన పెద్దలకు గుర్తే. ఇప్పుడు ఆ పని ల్యాప్‌టాప్ చేస్తోంది.

విత్తువాని ఉపమానాన్నే (మత్తయి 13) తీసుకోండి. మన కర్నూలు, కడప పిల్లలకు తెలిసింది గొర్రుతో సాళ్లలో విత్తడం. “విత్తనం దారిలో ఎందుకు పడుతుంది?” అని వారు అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. ఆ ఉపమానంలోని రైతు చేత్తో చల్లుతున్నాడు. చేత్తో చల్లే దృశ్యం, బండమీది పలుచని మన్నులో మొలిచి ఎండిన మొక్క, ఈ రెంటినీ సెల్‌ఫోనుతో తీసి రెండు నిమిషాలు చూపితే పాఠం మనసుకు పడుతుంది.

అయితే ఉపవిచారణ గ్రామంలో సిగ్నలు ఉండకపోవచ్చు. వీడియో ఆడకపోతే నెలకొకసారి దొరికే ఆ గంట కాస్తా తీగలు సర్దడంలోనే పోతుంది. కనుక ఈ క్రింది సంగతులు గ్రహించండి.

1. వీడియో మన దగ్గరే ఉండాలి. యూట్యూబ్ లింకు పెడితే చూపేటప్పుడు నెట్ కావాలి. గూగుల్ స్లైడ్స్‌లో పెట్టే వీడియో కూడా గూగుల్ డ్రైవ్‌లో ఉంటుంది గనుక దానికీ నెట్ అవసరమే. స్లైడ్లను హెచ్‌టిఎంఎల్ ఫైలుగా చేసుకుంటే క్రోమ్, ఫైర్‌ఫాక్స్ వంటి బ్రౌజరు నెట్ లేకుండానే దాన్ని తెరుస్తుంది.

2. ఒకే ఫోల్డరులో ఉంచండి. ‘పాఠం’ అని ఒక ఫోల్డరు చేసి స్లైడ్ల ఫైలును, వీడియోను అందులోనే పెట్టండి. స్లైడులో ‘వీడియో’ అనే ట్యాగు తెరచి, ‘ఎస్‌ఆర్‌సి’ అన్నచోట వీడియో ఫైలు పేరు మాత్రం ఇచ్చి, ‘కంట్రోల్స్’ అనే మాట చేర్చి, ట్యాగు మూయండి. ఇవన్నీ ఇంగ్లీషు అక్షరాలలోనే వ్రాయాలి.

3. పూర్తి చిరునామా వ్రాయవద్దు. ‘సి డ్రైవ్, ఫలానా ఫోల్డరు’ అని వ్రాస్తే అది మీ కంప్యూటరులో మాత్రమే దొరుకుతుంది. ఫాదర్ గారి ల్యాప్‌టాప్‌లో ఆ దారి ఉండదు. పేరు మాత్రం వ్రాస్తే బ్రౌజరు “నా పక్కనే ఉన్న ఫైలు” అని తెలుసుకుంటుంది. ఇంటర్నెట్టులో ఉంచిన పేజీ నుండి మీ కంప్యూటరులోని వీడియోను పిలిచినా రాదు. పరాయి పేజీలు మన ఫైళ్లలోకి తొంగిచూడకుండా బ్రౌజరే అడ్డుకుంటుంది.

4. పేరులో జాగ్రత్త. చిన్న ఇంగ్లీషు అక్షరాలు వాడండి, ఖాళీలు విడువకండి. విండోస్ పెద్ద, చిన్న అక్షరాల తేడా పట్టించుకోదు గాని లైనక్స్ పట్టించుకుంటుంది.

5. ఫైలు రకం. ఎంపి4 ఫైలులో దృశ్యం హెచ్.264గా, శబ్దం ఏఏసిగా ఉంటే దాదాపు అన్ని బ్రౌజర్లలో ఆడుతుంది. విఎల్‌సిలో ఆడినదల్లా బ్రౌజరులో ఆడదు. పేరు చివర ‘ఎంపి4’ అని మార్చినంత మాత్రాన రకం మారదు. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో మార్చుకోవాలి.

6. దానంతటదే మొదలవుతుందని చూడకండి. శబ్దంతో ఉన్న వీడియో తనంతట తాను ఆడకుండా 2018 నుండి క్రోమ్ ఆపుతోంది. ‘కంట్రోల్స్’ పెట్టేది అందుకే. మీరే నొక్కి ఆడించండి.

7. పెన్‌డ్రైవ్. వీడియోను మాత్రమే గాక ఫోల్డరంతా కాపీ చేయండి. ఫ్యాట్32 పద్ధతిలో ఉన్న పెన్‌డ్రైవ్ 4 జిబికి మించిన ఫైలును పట్టదు.

బయలుదేరే ముందు వైఫై ఆపివేసి, వేరే కంప్యూటరులో పెన్‌డ్రైవ్ నుండి ఒకసారి ఆడించి చూడండి. ఈ ఒక్క పరీక్షలో పై తప్పులు చాలావరకు బయటపడతాయి. బ్యాటరీ నింపుకోండి, చిన్న స్పీకరు వెంట ఉంచుకోండి. ఇతరుల చిత్రాలను అనుమతి లేకుండా వాడకండి. పిల్లలను వీడియో తీసేముందు తల్లిదండ్రులను అడగండి.

దివ్యసత్ప్రసాద అద్భుతాలను గురించి వెబ్‌సైటు తయారుచేసిన బాలుడు కార్లో అకుతిస్ 2006లో పదిహేనేళ్లకే మరణించాడు. 2025 సెప్టెంబరు 7న పోపు 14వ లియో ఆయనను పునీతునిగా ప్రకటించారు. మీ విచారణలోనూ కంప్యూటరు తెలిసిన పిల్లలుంటారు. ఈ పనిలో వారిని కలుపుకోండి.

అభ్యాసం
1. లింకుకు, ఫైలుకు తేడా ఏమిటి?
2. పూర్తి చిరునామా ఎందుకు వ్రాయరాదు?
3. విత్తువాని ఉపమానానికి మీ ఊరి పొలాలలో ఏ నాలుగు చోట్లు చిత్రీకరించవచ్చు?